ఫైలు ప్రెస్‌కు పంపేముందు ఒక్కసారి మాతో మాట్లాడండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే పుస్తక సమీక్షలు వదలకుండా చదువుతాను. వాటి చివర తరచుగా ఇలాంటి మాట ఒకటి కనిపిస్తుంది: ముద్రణ ఇంకా బాగుండాల్సింది, ఫొటోలు మసకగా ఉన్నాయి, అక్షరాలు అలికినట్టున్నాయి. పాఠకుల ఉత్తరాల్లోనూ ఇదే ఫిర్యాదు చూస్తుంటాను. అది చదివినవాళ్లెవరైనా ప్రెస్‌వాళ్లు సరిగ్గా వేయలేదనే అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. ఇంకు ఎక్కువతక్కువలవుతుంది, రంగు మీద రంగు సరిగ్గా కూర్చోదు, ఆ తప్పు మాదే. కానీ నేను చూసినంతలో మిషన్ ఎక్కాక మసకబారిన ఫొటోలు చాలా తక్కువ. ఎక్కువభాగం మసకగానే మా దగ్గరికి వస్తాయి. ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ప్రీప్రెస్ విభాగంలో పనిచేస్తాను. కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్‌గా మొదలుపెట్టాను. ఇప్పుడు బయటి నుంచి వచ్చే ఫైళ్లు ప్లేటుకు (పేజీని అచ్చువేసే లోహపు రేకుకు) వెళ్లేముందు తెరిచి చూడటం నా పని. అంటే రచయితకూ మిషన్‌కూ మధ్య చివరిగా ఆ పేజీని చూసేది నేనే. ఒకసారి ప్లేటు తయారైందంటే దానిమీద కామా కూడా మార్చలేం, కొత్త ప్లేటు చేయాల్సిందే. వెనకటికి ఫిల్ములు తీసి, టేబుల్ మీద ఒక్కొక్కటీ అతికించి, అప్పుడు ప్లేటు చేసేవాళ్లు. ఆ అతికించేటప్పుడు నాలుగు జతల కళ్లు పేజీ మీద పడేవి. ఇప్పుడు కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు మీదికే వెళ్తోంది. పని వేగం పెరిగింది, మధ్యలో చూసే కళ్లు తగ్గాయి. అందుకే ఫైలు తయారుచేసేవాళ్ల బాధ్యత ముందెప్పుడూ లేనంతగా పెరిగింది. ఆ విషయం వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. నా బాధ అదే.

ముందు ఫొటోల సంగతి. ఒక సంస్థ ప్రత్యేక సంచిక కోసం పాత సభ్యులందరూ కలిసి దిగిన ఫొటో పంపింది. రెండు పేజీల నిండా పరచాలని కోరిక. ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు (అంటే రంగు చుక్కలకు) కుదించుకుపోతుంది. మంచి కాగితం మీద అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 1600ను 300తో భాగించి చూడండి, అయిదు అంగుళాల పైచిలుకు వస్తుంది. అంటే ఆ ఫొటో అరచేతి కంటే కొంచెం పెద్దగా మాత్రమే శుభ్రంగా పడుతుంది. ఏ4 పేజీ నిండా వేయాలంటే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు ఉండాలి. రెండు పేజీలంటే అంతకు రెట్టింపు. ఫోన్‌లో తీసిన అసలు ఫొటో 4000 పిక్సెళ్లు ఉండొచ్చు. ఆ అసలు ఫైలునే డాక్యుమెంట్‌గా పంపితే, లేదా మెయిల్ చేస్తే, ఒక పేజీకి నిక్షేపంగా సరిపోయేది. ఆ ఫొటోలో ఉన్నవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. మళ్లీ తీయడానికి వీల్లేని ఫొటో. అసలు ఫైలు ఎవరి ఫోన్‌లో ఉందో వెతికించడానికి ఎందరికి ఫోన్లు చేయించామో! దొరికింది కాబట్టి సరిపోయింది. దొరకనివాళ్ల సంగతేమిటి?

ఇక్కడ ఇంకో పొరపాటు అభిప్రాయం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో రిజల్యూషన్ అనే చోట 72 తీసి 300 అని కొడితే ఫొటో అచ్చుకు సిద్ధమైనట్టే అని చాలామంది నమ్ముతున్నారు. ఆ అంకె మార్చినందువల్ల లేని వివరాలు పుట్టుకురావు. పిక్సెళ్లు పెంచమని అడిగితే సాఫ్ట్‌వేర్ పక్క పక్క చుక్కల రంగులు చూసి మధ్యలో ఊహించి నింపుతుంది. కనురెప్పలు, చీర అంచు, వెనక గోడ మీది రాత, ఇవన్నీ మెత్తబడిపోతాయి. 300 అనే అంకె కూడా గాలిలోంచి వచ్చింది కాదు. అచ్చులో ఫొటో చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది. మంచి కాగితం మీద అంగుళానికి 150 వరసల చుక్కలు వేయడం మామూలు. దానికి రెట్టింపు పిక్సెళ్లుంటే ఫొటో తేటగా వస్తుంది. న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికల కాగితం) మీద 85 నుంచి 100 వరసలే వేస్తారు కాబట్టి 200 పిక్సెళ్లున్నా చాలు. మీ పత్రికలో చక్కగా కనిపించిన ఫొటోను అలాగే తీసుకెళ్లి నున్నగా మెరిసే ఆర్ట్ పేపర్ మీద కాఫీ టేబుల్ పుస్తకంలో వేస్తే తేలిపోయేది అందుకే.

పాత పత్రికల్లో అచ్చయిన ఫొటోలు స్కాన్ చేసి పంపేవాళ్లకు కూడా ఒక మాట. అప్పటికే చుక్కలుగా అచ్చయిన బొమ్మను మళ్లీ చుక్కలుగా వేస్తే, రెండు రకాల చుక్కలూ కలబడి బొమ్మంతా గళ్లు గళ్లుగా అలలు తేలతాయి. స్కానర్‌లో డీస్క్రీన్ అనే సౌకర్యం ఉంటుంది, అది వాడితే చాలావరకు తగ్గుతుంది. అసలు ఫొటో ప్రింటు దొరికితే అంతకంటే మంచిది లేదు.

ఇక రంగులు. ఎక్కువ గొడవలు జరిగేది ఇక్కడే. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి చూపిస్తుంది కాబట్టి దాన్ని ఆర్‌జీబీ అంటాం. కాగితం వెలగదు. దాని మీద పడిన వెలుతురులో కొంత ఇంకు మింగేస్తే మిగిలింది మన కంటికి చేరుతుంది. సయాన్ (లేత నీలం), మజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులతోనే అన్ని రంగులూ తేవాలి, అదే సీఎంవైకే. ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు. తెర మీద మెరిసే ఆ చిలకపచ్చ, ఆ నియాన్ గులాబీ, ఆ కరెంటు నీలం ఈ నాలుగు ఇంకుల్లో అసలు లేవు. ఎంత ఖరీదైన మిషన్ తెచ్చినా రావు.

నీలం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఒక కవితాసంపుటి ముఖచిత్రం నిండా రాత్రి ఆకాశం. డిజైనర్ తెర మీద చూసుకున్నది ముదురు నీలం. ఫైలు ఆర్‌జీబీలోనే వచ్చింది. మార్చి చూస్తే ఆకాశం వంకాయరంగులోకి తిరిగింది. దీనికి కారణం ఉంది. ఆర్‌జీబీ నీలాన్ని సీఎంవైకేలోకి మారిస్తే సయాన్ 88 శాతం, మజెంటా 77 శాతం దాకా వస్తుంది. ఆ రెండూ అంత దగ్గరగా ఉంటే కాగితం మీద కనిపించేది ఊదారంగే. నీలం నీలంగా ఉండాలంటే సయాన్ కంటే మజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉండాలి. ఆ డిజైనర్‌తో ఫోన్‌లో మాట్లాడి మజెంటా తగ్గించాం. వచ్చిన నీలం తెర మీది నీలం కాదు, కానీ అందమైన నీలమే. కవి మొదట నొచ్చుకున్నారు, ప్రూఫ్ (నమూనా అచ్చు) చేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చూశాక ఒప్పుకున్నారు. ఇదే మాట ముఖచిత్రం వేసే రోజునే జరిగి ఉంటే, ఆయన అన్నాళ్లూ దొరకని నీలం మీద మనసు పెట్టుకుని ఉండేవారు కాదు.

కంపెనీ గుర్తులాంటి వాటికి కచ్చితంగా ఒకే రంగు కావాలంటే స్పాట్ కలర్ అనే దారి ఉంది. ఆ రంగు ఇంకును విడిగా కలిపి అయిదో ప్లేటుగా వేస్తారు. 1963 నుంచి పాంటోన్ సంస్థ ఇచ్చే రంగుల పుస్తకంలో నంబరు చూసి ఏ దేశంలో ఉన్న ప్రెస్‌కైనా చెప్పొచ్చు. కానీ ఆ నంబరు ఫైలులో పెట్టి, బిల్లు మాత్రం నాలుగు రంగులకే అనుకుంటే కుదరదు. పెట్టాలో వద్దో ముందే తేల్చుకోవాలి. ఇంకోటి, ఒకే రంగు మెరిసే ఆర్ట్ పేపర్ మీద ఒకలా, గరుకు కాగితం మీద ఒకలా పడుతుంది. గరుకు కాగితం ఇంకును పీల్చుకుంటుంది, చుక్క వ్యాపిస్తుంది, ఫొటో నల్లబడుతుంది. అందుకే మేం ముందుగా అడిగే ప్రశ్న ఏ కాగితం అని. ఆ ప్రశ్నకు సమాధానం తెలియకుండా ఫొటోల వెలుగు సరిచేయడం అనేది చీకట్లో చేసే పని.

నలుపు గురించి ఎవరూ ఆలోచించరు. నలుపు నలుపే కదా అనుకుంటారు. అచ్చులో నలుపులు చాలా ఉన్నాయి. వర్డ్‌లో టైపు చేసిన పుస్తకం అలాగే పీడీఎఫ్ చేసి పంపితే అక్షరాల నలుపు చాలాసార్లు ఆర్‌జీబీ నలుపుగా వస్తుంది. దాన్ని సీఎంవైకేలోకి మారిస్తే, ఎక్కువమంది కంప్యూటర్లలో ఉండే సెట్టింగుల ప్రకారం, సయాన్ 75, మజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. మొత్తం 300 శాతం ఇంకు. ఒక్క నల్ల ప్లేటుతో పోవాల్సిన అక్షరం నాలుగు ప్లేట్ల మీద పడిందన్నమాట. నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి పడాలి. మిషన్ నడిచేటప్పుడు కాగితం కొంచెం సాగుతుంది, కొంచెం జరుగుతుంది. అప్పుడు ప్రతి అక్షరం అంచునా ఎర్రగానో నీలంగానో నీడ కనిపిస్తుంది. సమీక్షకులు అలికినట్టు ఉంది అని రాసేది చాలావరకు దీన్నే. చదివే అక్షరం ఎప్పుడూ నలుపు ఒక్కటే 100 శాతం ఉండాలి, మిగతా మూడూ సున్నా. కేవలం ఈ ఒక్కటి పాటించినా తెలుగు పుస్తకాల్లో సగం మసక పోతుందని నా నమ్మకం.

పెద్ద నల్లని నేపథ్యానికి మాత్రం ఒక్క నలుపు చాలదు, బూడిదరంగులా పల్చగా కనిపిస్తుంది. దానికి కొంచెం సయాన్, కొంచెం మిగతావి కలుపుతాం. అలాగని నాలుగూ నూటికి నూరు పెట్టకూడదు. అంటే 400 శాతం ఇంకు. అది ఆరదు, కింది కాగితానికి అంటుకుంటుంది. మంచి ఆర్ట్ పేపర్ 300 నుంచి 330 శాతం దాకా ఓర్చుకుంటుంది, న్యూస్‌ప్రింట్‌కు 240 దాటకూడదు. సాఫ్ట్‌వేర్ రంగుల జాబితాలో రిజిస్ట్రేషన్ అనే పేరుతో ఒక నలుపు ఉంటుంది. అది కటింగ్ గుర్తుల కోసం పెట్టింది, నాలుగు ప్లేట్ల మీదా పడుతుంది. పేరు చూడకుండా దానితోనే పేజీలన్నీ కూర్చిన ఫైళ్లు మాకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఇంకా భయపెట్టేది తెల్ల అక్షరం. ఓవర్‌ప్రింట్ అనే సెట్టింగ్ నల్ల అక్షరానికి మేలు చేస్తుంది, కింది రంగు మీదనే నలుపు పడుతుంది కాబట్టి అక్షరం చుట్టూ తెల్ల గీత రాదు. కానీ నల్లగా ఉన్న పేరును తర్వాత ఎవరో తెలుపుకు మార్చి, ఆ సెట్టింగ్ తీయడం మరిచిపోతే? తెలుపు అంటే ఇంకు లేకపోవడం. కింది రంగు మీద ఇంకు లేకపోవడాన్ని అచ్చువేయమంటే ఏమీ పడదు. తెర మీద పేరు కనిపిస్తుంది, ప్లేటు మీద ఉండదు. ఒక పిల్లల పుస్తకం అట్ట మీద బొమ్మలు వేసిన ఆవిడ పేరు ఇలాగే మాయమైంది. పీడీఎఫ్‌లు చూసే అక్రోబాట్ సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి ఒక్కొక్క ప్లేటునూ విడిగా చూసేటప్పుడు దొరికింది. ఏళ్ల తరబడి గీసిన బొమ్మలకు అట్ట మీద తన పేరు లేకుండా పుస్తకం వచ్చి ఉంటే ఆవిడకు ఎలా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కటింగ్ సంగతి త్వరగా చెబుతాను. అచ్చయిన కాగితాలను దొంతరగా పేర్చి ఒకేసారి కత్తితో కోస్తారు. పై కాగితానికీ అడుగు కాగితానికీ కొంచెం తేడా వస్తుంది. అందుకని పేజీ అంచుదాకా ఉన్న రంగు గానీ ఫొటో గానీ అంచు దాటి నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. దాన్నే బ్లీడ్ అంటాం. అలాగే ముఖ్యమైన అక్షరం ఏదీ అంచుకు 5 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా ఉండకూడదు. పేజీ సైజు చుట్టూ సన్నని బార్డరు గీత పెట్టకండి. ఒక మిల్లీమీటరు జరిగినా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం కనిపిస్తుంది. బ్లీడ్ లేని ఫైలు వస్తే మేం పేజీని కొంచెం పెద్దది చేసి సర్దుతాం. అప్పుడు మీరు కొలిచి పెట్టుకున్న మార్జిన్లన్నీ మారిపోతాయి. పెట్టెలూ కవర్లూ లాంటి వాటికి కత్తిరించే గీతను విడి రంగుతో, విడి పేరుతో పెట్టాలి. నలుపులోనే గీస్తే అది కూడా బొమ్మలో భాగంగా అచ్చయిపోతుంది.

ఇప్పుడు తెలుగు అక్షరాల దగ్గరికి వస్తాను. ఇంతవరకు చెప్పినవి ఏ భాషలో అచ్చువేసేవాళ్లకైనా ఉన్న సమస్యలు. ఇది మనది.

ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించేలా చేసే ప్రమాణం యూనికోడ్, అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. రచయితలు ఇప్పుడు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ యూనికోడ్‌లోనే రాస్తున్నారు. కానీ పేజీలు కూర్చే చోట చాలామంది ఇంకా పాత ఫాంట్లే వాడుతున్నారు. వాటి అందం గొప్పది, ఆ మాట నేను ఒప్పుకుంటాను. దశాబ్దాలుగా మన పుస్తకాలను చదివించినవి అవే. అయితే ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో కూర్చుని ఉంటుంది. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే పిచ్చి ఇంగ్లిష్. పేజీలు కూర్చడానికి కొందరు వాడే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. అందువల్ల రచయిత పంపిన యూనికోడ్‌ను కన్వర్టర్‌లో వేసి పాత ఫాంటులోకి మారుస్తారు. అచ్చుతప్పులు పుట్టే చోటు ఇదే.

రచయిత దిద్ది, మిత్రుల చేత దిద్దించి, తప్పులు లేని ప్రతి పంపిస్తారు. కన్వర్టర్‌లోంచి బయటికి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట ఒత్తు పక్కన వ ఒత్తు కూడా చేరి ఉంటుంది. ఎందుకంటే ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, పొల్లును పొల్లుగానే ఉంచమని చెప్పేది అదే. మార్పిడిలో అది రాలిపోతుంది. రాష్ట్రం, స్త్రీ లాంటి మాటల్లో రెండో ఒత్తు పక్కకు జరుగుతుంది. కొటేషన్ గుర్తులు ఏదో తెలుగు అక్షరమవుతాయి. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలకు కూడా తెలుగు ఫాంటు తగిలిస్తే అవి అర్థంలేని తెలుగు అక్షరాలవుతాయి. రచయిత మెయిల్ చిరునామా ఇలా మారిపోయిన పుస్తకం నేను చూశాను. పాఠకులెవరూ ఆయనకు రాయలేకపోయారు. కాబట్టి మార్పిడి జరిగితే ప్రూఫ్ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సిందే, ముందు ఎన్నిసార్లు చదివినా సరే. ఆ చదివేది కూడా పదం పదం, ఒత్తు ఒత్తు చూసి చదవాలి.

యూనికోడ్‌లోనే పేజీలు కూర్చే దారి ఇప్పుడు తెరిచే ఉంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. ఎంచుకోకపోతే ప్రతి ఒత్తూ విడిపోయి పొల్లుతో పక్కన నిలబడుతుంది. అది చూసి చాలామంది ఇందులో తెలుగు రాదు అని వదిలేశారు. మార్చాల్సింది ఆ ఒక్క సెట్టింగే. మంచి యూనికోడ్ ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. యువ డిజైనర్లు ఈ వైపు రావాలని మనసారా కోరుకుంటున్నాను. రెండో ముద్రణ వేయాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా, ఫలానా పద్యం ఏ పేజీలో ఉందో వెతకాలన్నా యూనికోడ్ ఫైలు పనికొస్తుంది. పాత ఫాంటు ఫైలు అయితే మళ్లీ వెనక్కి మార్చాలి, మళ్లీ అవే తప్పులు.

తెలుగు అక్షరానికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కొలతలు మనకు సరిపోవు. వరసల మధ్య ఎడం తక్కువైతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. ముదురు రంగు మీద చిన్న తెల్ల అక్షరాలు పెడితే చుట్టూ ఉన్న ఇంకు లోపలికి వ్యాపించి ముందు ఒత్తులు పూడుకుపోతాయి. నాలుగు రంగుల నేపథ్యం అయితే ఇంకా కష్టం. అలాంటిచోట అక్షరం పెద్దది చేయండి, లావు ఫాంటు తీసుకోండి. బూడిదరంగు చిన్న అక్షరాలు కూడా వద్దు. బూడిద అనే ఇంకు లేదు, నలుపునే చుక్కలుగా వేస్తాం. చిన్న అక్షరం అంచులు ఆ చుక్కల్లో విరిగిపోతాయి.

ఫాంట్ల గొడవ ఎందుకని కొందరు పుస్తకం మొత్తం అక్షరాలను కర్వ్స్‌గా మార్చి పంపుతారు. అట్టకు, లోగోకు ఫరవాలేదు. పుస్తకం లోపలి పేజీలకు అది మంచి పద్ధతి కాదు. చివరి నిమిషంలో ఒక సంవత్సరం అంకె తప్పు దొరికితే మేం దిద్దలేం, అక్కడున్నది అక్షరం కాదు, గీతల బొమ్మ. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు లోపలే చేరేలా చేస్తే సరిపోతుంది.

ఆ పీడీఎఫ్ కూడా ఏదో ఒకటి అయితే కుదరదు. పీడీఎఫ్ 1993లో వచ్చింది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా పేజీ ఒకేలా ఉండాలన్నది దాని ఉద్దేశం. కానీ తెర మీద చదవడానికి చేసిన పీడీఎఫ్‌లో ఫొటోలు కుదించి ఉంటాయి, రంగులు ఆర్‌జీబీలో ఉంటాయి. అచ్చు కోసం పీడీఎఫ్ ఎక్స్ అనే ప్రమాణాలు విడిగా ఉన్నాయి. 2001లో వచ్చిన ఎక్స్-1ఏలో ఫాంట్లన్నీ లోపలే ఉండాలి, రంగులు సీఎంవైకే గానీ స్పాట్ గానీ అయి ఉండాలి, పారదర్శకత (కింద ఉన్నది కనిపించేలా పైన పరిచే బొమ్మలు, నీడలు) ఉండకూడదు. 2008లో వచ్చిన ఎక్స్-4 పారదర్శకతను, ఐసీసీ ప్రొఫైల్ (ఆ రంగు అసలు ఎలా కనిపించాలో చెప్పే వివరం) జతచేసిన రంగులను అనుమతిస్తుంది. ఏది కావాలో ప్రెస్‌ను అడగండి. మా దగ్గర ఎక్స్-4 తీసుకుంటాం. పాత యంత్రాలున్నచోట ఎక్స్-1ఏ అడగొచ్చు. వర్డ్ ఫైలునే నేరుగా పంపేవాళ్లకు మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను, అది మా కంప్యూటర్‌లో తెరిస్తే మీరు చూసిన పేజీలు ఉండవు. ఒక పేరా జారితే దాని వెనక విషయసూచిక అంకెలన్నీ జారతాయి.

పుస్తకాలకు ఇంకో రెండు లెక్కలు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. పెద్ద పుస్తకాలు 16 పేజీల ఫారాలుగా (పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచే కట్టలుగా) అచ్చవుతాయి, ఆ లెక్కకు దగ్గరగా ఉంటే కాగితం వృథా కాదు. అట్ట వెన్ను వెడల్పు కాగితం మందాన్ని బట్టి ఉంటుంది. 200 పేజీలంటే 100 కాగితాలు. కాగితం మందం 0.1 మిల్లీమీటరు అయితే వెన్ను 10 మిల్లీమీటర్లు, 0.13 అయితే 13. కాగితం తేలకముందే అట్ట పూర్తిచేస్తే వెన్ను మీది పేరు ముందు అట్ట మీదికి వాలుతుంది. జిగురు బైండింగ్ పుస్తకాల్లో రెండు పేజీల మీద పరిచిన బొమ్మ నడిమి భాగం లోపలికి పోతుంది. అక్కడ ముఖాలు పెట్టకండి. వెనక అట్ట మీది బార్‌కోడ్ ఎర్రని గీతలతో వేయమని అడిగేవాళ్లున్నారు, అట్ట రంగుకు నప్పుతుందని. చాలా స్కానర్లు ఎర్రని వెలుతురుతో చదువుతాయి. ఆ వెలుతురులో ఎర్రగీత తెల్లకాగితంతో కలిసిపోతుంది, స్కానర్ కోడ్‌ను చదవలేదు. తెలుపు మీద నలుపు ఒక్కటే వాడండి. పుస్తకాల బార్‌కోడ్ అసలు కొలత 37.29 మిల్లీమీటర్ల వెడల్పు, 25.93 ఎత్తు. 80 శాతం కంటే చిన్నది చేయకూడదు, పక్కల తెల్లజాగా తీసేయకూడదు.

ఇదంతా రచయితలు నేర్చుకోవాలని నేను అనడం లేదు. రచయిత రాయాలి, చిత్రకారులు గీయాలి. కానీ మధ్యలో ఫైలు తయారుచేసేవాళ్లకు ఇది తెలియాలి. పని మొదలుపెట్టే రోజున ప్రెస్‌కు ఒక ఫోన్ చేసి ఏ కాగితం, ఎంత సైజు, ఏ బైండింగ్, ఏ పీడీఎఫ్ అని అడగాలి. ఆ నాలుగు ప్రశ్నలూ చివరి రోజు అడిగితే సమాధానాల వల్ల ఉపయోగం ఉండదు. ఆవిష్కరణ సభ తేదీ ముందే ప్రకటించి, ఫైలు ఆ ముందురోజు సాయంత్రం పంపి, రాత్రికి ప్లేట్లు వేయమంటే ఆ టెన్షన్‌లో మేం కూడా అన్నీ చూడలేం. తప్పు కనిపించినా ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. అలాంటి రాత్రుల్లో మిషన్ దగ్గర నిలబడ్డ మా ఆపరేటర్ల ముఖాలు చూస్తే జాలేస్తుంది. వాళ్లకు తమ చేతిలోంచి మంచి అచ్చు రావాలనే ఉంటుంది.

నా తోటి ప్రెస్‌వాళ్లకు కూడా చెప్పాల్సింది ఉంది. ఫైలు బాగాలేదని తెలిసీ, అడిగితే పని పోతుందేమోనని మౌనంగా వేసేస్తున్నాం. ఇది సరికాదు. ప్రతి ప్రెస్సూ తన కాగితాలకు, తన మిషన్‌కు ఏం కావాలో ఒక్క కాగితం మీద తెలుగులో రాసి పెట్టుకోవచ్చు. ధరల కొటేషన్‌తో పాటు అదీ ఇవ్వాలి. నేను పనిచేసేచోట అలా ఇస్తున్నాం. అది చదివి ఫోన్ చేసేవాళ్లు పెరిగారు, తిప్పి పంపాల్సిన ఫైళ్లు తగ్గాయి. డిజైన్ నేర్పే సంస్థలు విద్యార్థులను ఒక్కరోజైనా ప్రెస్‌కు తీసుకురావాలి. ప్లేటు మీద తన అక్షరం ఎలా పడిందో భూతద్దంలో చూసిన పిల్లలకు నలుపు గురించి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు.

సంపాదకులుగా మిమ్మల్ని కోరేది ఒకటే. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు మీరు సాంకేతిక సూచనలు ఇస్తూనే ఉంటారు. ఏ సైజు, ఎంత రిజల్యూషన్, ఎంత ఇంకు అని. వాటినే అందరికీ అర్థమయ్యేలా మీ ఆదివారం అనుబంధంలో అప్పుడప్పుడు వేయండి. ఒక్కో వారం ఒక్కో విషయం, ఒక్క పావు పేజీ చాలు. ఒకే ఫొటోను అంగుళానికి 72 పిక్సెళ్లతో, 200 పిక్సెళ్లతో పక్కపక్కన అచ్చువేసి చూపించండి. ఒకే వాక్యాన్ని ఒక్క నలుపుతో, నాలుగు రంగుల నలుపుతో వేసి చూపించండి. వీడియోల్లో ఎంత చెప్పినా తెర మీద ఈ తేడా కనబడదు, అచ్చయిన కాగితమే దాన్ని చూపించగలదు. అది మీ చేతిలో ఉంది. అలాంటి శీర్షిక మొదలుపెడితే నమూనా ఫైళ్లు తయారుచేసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పీడీఎఫ్ ఎక్స్-4లో, న్యూస్‌ప్రింట్‌కు తగ్గట్టు 240 శాతం ఇంకు దాటకుండా పంపుతాను. మీ ప్రెస్‌కు వేరే కొలతలు కావాలంటే ముందుగా తెలియజేయండి.

ఇట్లు,
ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ప్రీప్రెస్ పనిచేసే మీ పాఠకురాలు